ముసురు పట్టే దేశానికి పెట్టె సర్దడం: చెన్నై నుంచి ఐర్లండ్‌కు చదువుకోవడానికి వెళ్లే వారికి సమగ్ర మార్గదర్శి

2015 డిసెంబరు ఒకటి, రెండు తేదీల మధ్య ఇరవై నాలుగు గంటల్లో చెన్నై శివారు తాంబరంలో 49 సెంటీమీటర్ల వాన పడింది. డబ్లిన్ నగరంలో ఏడాది మొత్తం మీద పడేది సుమారు 75 సెంటీమీటర్లు. ఈ లెక్క చూసి, అడయారు నది పొంగినప్పుడు మోకాళ్ల లోతు నీళ్లలో నడిచిన తమకు ఐర్లండ్ వాన ఒక లెక్కా అని మన పిల్లలు అనుకుంటారు. తల్లిదండ్రులకు వాన సంగతే తోచదు, వాళ్ల భయమంతా చలి గురించే. ఈ రెండు అంచనాల మధ్య సర్దిన పెట్టెలో మంకీ క్యాపులు, రగ్గులు, మూడు కిలోల ఓవర్‌కోటు ఉంటాయి గాని, దిగిన రోజు నుంచి చేతికి కావలసినవి ఉండవు. మా అమ్మాయి ఐర్లండ్ పడమటి తీరంలోని గాల్వే ఊరికి వెళ్లినప్పుడు కోడంబాక్కంలోని మా ఇంట్లో సర్దిన పెట్టె సరిగ్గా అలాంటిదే. ఆ తరువాత చుట్టాల పిల్లలు ముగ్గురికి సర్దిపెట్టాను. ఒక్కో పెట్టెకు కొంత బుద్ధి వచ్చింది. ఆ అనుభవాన్ని వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

మొదటి పని: అక్కడి వాన తీరు తెలుసుకోవడం

ఐర్లండ్ ఉన్న అక్షాంశంలోనే కెనడాలోని లాబ్రడార్ తీరం కూడా ఉంది. లాబ్రడార్ శీతకాలంలో గడ్డకట్టుకుపోతుంది. ఐర్లండ్‌కు ఆ గతి పట్టకపోవడానికి కారణం అట్లాంటిక్ సముద్రంలో నైరుతి దిక్కు నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం, దాని మీదుగా వీచే గాలి. అందువల్ల జనవరిలో కూడా డబ్లిన్‌లో పగటి వేడి 8 డిగ్రీల వరకు ఉంటుంది, రాత్రి సాధారణంగా 2, 3 డిగ్రీల దగ్గర ఆగుతుంది. జులైలో పగటి వేడి 19, 20 డిగ్రీలు దాటడం తక్కువ. మంచు పడే రోజులు కొద్ది. అయితే ఆ వెచ్చని గాలే సముద్రపు తేమను మోసుకొస్తుంది కాబట్టి, ఒక మిల్లీమీటరుకు మించి వాన పడే రోజులు తూర్పు తీరంలో ఏడాదికి 150 దాకా, పడమటి వైపు కొన్నిచోట్ల 225 దాకా ఉంటాయి.

మన భాషలో దీనికి చక్కని మాట ఉంది: ముసురు. చెన్నైలో ఈశాన్య రుతుపవనం కుండపోతగా కురిసి, మర్నాడు ఎండ కాసి, మిద్దె మీద ఆరేసిన బట్టలు రెండు గంటల్లో గరగరలాడేలా చేస్తుంది. అక్కడి ముసురుకు ఆ దయ లేదు. సన్నని తుంపర, దానికి తోడు ఈదురుగాలి, అరగంట తెరిపి, మళ్లీ తుంపర. చల్లని గాలి నీటి ఆవిరిని ఎక్కువ పట్టుకోలేదు, ఆ కాస్త చోటూ ముందే నిండి ఉంటుంది. కనుక తడి బట్ట నుంచి నీరు ఎటూ పోలేక అలాగే ఉండిపోతుంది. మా అమ్మాయి మొదటి నెలలో ఫోన్ చేసినప్పుడు చలి అని ఒక్కసారి కూడా అనలేదు. నిన్న ఉతికిన ప్యాంటు ఇంకా చెమ్మగానే ఉందని, గదంతా ముక్కవాసన వస్తోందని మాత్రం రోజూ చెప్పేది.

అందుచేత పెట్టెలో పెట్టబోయే ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని ఒకటే ప్రశ్న అడగండి: ఇది తడిస్తే, ఎండ లేని చిన్న గదిలో, తెల్లవారేసరికి ఆరుతుందా? ఆరదు అనిపిస్తే దాన్ని పక్కన పెట్టండి, లేదా ఒక్కటి మాత్రమే తీసుకోండి. ఇకముందు చెప్పేదంతా ఈ ప్రశ్నకు వివరణే.

రెండో పని: కొనుగోళ్లకు వేళ చూసుకోవడం

చదువులు ఎక్కువగా సెప్టెంబరులో మొదలవుతాయి. అంటే మీరు కొనేది జులై, ఆగస్టు నెలల్లో. అప్పటికి టి. నగర్‌లో తమిళుల ఆడి మాసపు తగ్గింపు ధరలు నడుస్తుంటాయి. లోబట్టలు, బనియన్లు, చొక్కాలు, కుర్తీలు, దుప్పట్లు కొనడానికి అంతకన్నా మంచి కాలం లేదు. వానకూ చలికీ సంబంధించిన బట్టలు మాత్రం ఆ రద్దీలో వెతకవద్దు. స్వెట్టర్లు అమ్మేవాళ్లు శీతకాలానికి గాని ఊళ్లోకి రారు, రంగనాథన్ వీధిలో దొరికే రెయిన్‌కోట్లు స్కూటరు మీద పది నిమిషాల ప్రయాణానికి పనికొచ్చేవి. డెకాథ్లాన్ వంటి ఆటవస్తువుల దుకాణాల్లో కొండలెక్కేవారి కోసం పెట్టిన విభాగం ఏడాది పొడుగునా ఉంటుంది కనుక సూటిగా అక్కడికి వెళ్లండి. ప్రయాణానికి కనీసం నెల ముందు కొంటే, కొన్నదాన్ని పరీక్షించి, నచ్చకపోతే మార్చుకునే వ్యవధి ఉంటుంది.

మూడో పని: జాకెట్టు

మొత్తం సామానులో డబ్బు వెనకాడకుండా ఖర్చు పెట్టవలసిన వస్తువు ఇదొక్కటే. మిగతావాటిలో చాలావరకు అక్కడ చవకగా దొరుకుతాయి, ఇది అక్కడ కొంటే ఖరీదు, పైగా విమానం దిగిన గంటకే దీని అవసరం పడుతుంది.

చీటీ మీద రాసిన మాటల్లో తేడా గమనించండి. వాటర్ రెసిస్టెంట్ అంటే కాసేపు చినుకులను జార్చగలదని మాత్రమే అర్థం. వాటర్‌ప్రూఫ్ అని రాసి, పక్కన 10,000 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో అంకె ఉంటే, ఆ గుడ్డ మీద పది మీటర్ల ఎత్తు నీటి స్తంభం నిలబెట్టినా కారకుండా ఆపిందని పరీక్షలో తేలినట్టు. అయితే గుడ్డ ఆపినా కుట్లు కారతాయి. జాకెట్టును తిరగేసి, ప్రతి కుట్టు మీదా టేపు అంటించి ఉందో లేదో వేలితో తడిమి చూడండి. భుజాల దగ్గరా టోపీ అతికిన చోటా టేపు లేనిదాన్ని కొనవద్దు.

చీటీ మీద ఉండే రెండో అంకె గాలి ఆడే గుణాన్ని చెబుతుంది. మన ప్లాస్టిక్ రెయిన్‌కోటు వేసుకుని బస్టాపు దాకా పరుగెత్తితే లోపల చొక్కా చెమటతో తడిసిపోతుంది, బయటి వానకూ లోపలి వానకూ తేడా తెలియదు. క్లాసులో రెండు గంటలు ఆ తడితో కూర్చుంటే పట్టే చలి వానలో తడిసిన చలికన్నా ఎక్కువ. కనుక చెమట ఆవిరిని బయటికి వదిలే పొర ఉన్నదే తీసుకోండి. చంకల కింద జిప్పులుంటే మరీ మంచిది.

టోపీకి ముందు భాగంలో గట్టి అంచు, వెనుక బిగించుకునే తాడు ఉండాలి, లేకపోతే గాలికి వెనక్కి పోతుంది. కళ్లద్దాలు పెట్టుకునేవారు లోపల క్రికెట్ టోపీ పెట్టుకుని దాని మీద జాకెట్టు టోపీ వేసుకుంటే అద్దాల మీద చినుకులు పడవు. పొడుగు తుంటి కిందికి రావాలి. లోపల దళసరి చొక్కా పట్టేలా మీ కొలతకన్నా ఒక సైజు ఎక్కువ తీసుకోండి. రంగు విషయంలో మన పెద్దవాళ్లు మాసిపోని నలుపే మంచిదంటారు. కాని డిసెంబరులో డబ్లిన్‌లో ఉదయం ఎనిమిదిన్నర దాటాక తెల్లవారి, సాయంత్రం నాలుగు దాటగానే పొద్దు గూకుతుంది. ఆ చీకట్లో, వానలో రోడ్డు దాటేటప్పుడు కారు నడిపేవాడికి కనిపించే రంగే మంచి రంగు.

ఇంటికి తెచ్చాక ఒక పరీక్ష చేయండి. లేత రంగు నూలు చొక్కా మీద జాకెట్టు వేసుకుని, జేబుల్లో కాగితపు రుమాళ్లు పెట్టుకుని, స్నానాల గదిలో షవరు కింద పది నిమిషాలు నిలబడండి, మధ్యలో చేతులు పైకెత్తండి, వంగండి. విప్పాక చొక్కా మీద మరక కనిపించినా, జేబులో కాగితం తడిసినా దాన్ని తిరిగి ఇచ్చేయండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ తరువాత ఉతకవలసి వస్తే బట్టలు మెత్తబరిచే ద్రవాలు వాడవద్దు, అవి పైపూతను చెడగొడతాయి.

నాలుగో పని: లోపలి పొరలు, కాళ్లు

ఒకటే మందమైన ఉన్ని కోటుకన్నా రెండు మూడు పలుచని పొరలు మేలు, ఎందుకంటే బస్సులోనూ క్లాసులోనూ వేడి పెట్టి ఉంటుంది, వీధిలో ఈదురుగాలి ఉంటుంది, రోజుకు పదిసార్లు విప్పి తొడుక్కోవాలి. ఒంటికి తగిలే పొరగా పాలియెస్టరు లేదా మెత్తని ఉన్ని థర్మల్స్, అంటే ఒంటిని అంటిపెట్టుకుని ఉండే వెచ్చని లోబట్టలు, రెండు జతలు చాలు. నూలు బనియను తడిని పీల్చుకుని ఒంటికి అంటుకుపోతుంది కనుక దాన్ని ఇంట్లో వేసుకోవడానికి ఉంచుకోండి. దాని మీద ఫ్లీసు, అంటే ఉన్నిలా నూగు ఉండే పాలియెస్టరు గుడ్డ, చొక్కాలు రెండు. ఫ్లీసు తేలిక, నీటిని పీల్చదు, ఉతికి పిండితే రాత్రికి ఆరుతుంది. ఈకలు నింపిన ఉబ్బు జాకెట్లు చూడ్డానికి బాగుంటాయి గాని, తడిస్తే ఈకలు ముద్దకట్టి వెచ్చదనం పోతుంది. అలాంటిది కావాలనుకుంటే కృత్రిమ దూది నింపినది ఎంచుకోండి.

ప్యాంట్లలో జీన్స్ ఒక్కటే తీసుకెళ్లండి. బరువు, ఆరదు. ట్రెక్కింగ్ ప్యాంట్లు మూడు ఉంటే వారం గడుస్తుంది. ఆడపిల్లలకు ఒక మాట: కుర్తీ కింద లెగ్గింగ్స్ అక్కడ చక్కగా పనికొస్తాయి, వెడల్పు పలాజోలు మాత్రం అంచుల నుంచి మోకాలి దాకా నీటిని పైకి లాగుతాయి. చున్నీ గాలికి ముఖాన పడుతుంది, ఉన్ని స్కార్ఫు దాని పని చేస్తుంది. దీపావళికీ ఉగాదికీ ఒక పట్టుచీర లేదా పంచె ఉండాలి, అందులో వాదన లేదు.

బూట్ల విషయంలో మేము పెద్ద పొరపాటు చేశాము. మంచి కంపెనీ పరుగు బూట్లే కదా అని జాలీ బూట్లు కొనిచ్చాము. మొదటి వారంలోనే మేజోళ్లు తడిసి అరికాళ్లు చిట్లాయి. లోపల నీరు చొరని పొర ఉన్న, అడుగున పట్టు ఉన్న బూట్లు కొనండి, దళసరి మేజోళ్లతో కలిపి తొడిగి చూసి అర సైజు ఎక్కువ తీసుకోండి. రెండో జత తప్పనిసరి, ఎందుకంటే తడిసిన జత ఆరడానికి ఒక రోజంతా పడుతుంది. లోపల పాత వార్తాపత్రికలు కుక్కి, రెండు గంటలకోసారి మారిస్తే తడి త్వరగా లాగేస్తుంది. ఉన్ని కలిసిన మేజోళ్లు ఎనిమిది జతలు పెట్టుకోండి. గదిలో తొడుక్కోవడానికి ఒక హవాయి చెప్పుల జత చాలు.

పుస్తకాల సంచికి వాన తొడుగు కొనండి. ఆ తొడుగు ఉన్నా వీపు వైపు నుంచి నీరు దిగుతుంది, కాబట్టి లాప్‌టాప్‌ను మళ్లీ ఒక జిప్పు కవరులో పెట్టాలి.

పెట్టవద్దనుకున్నవి

గొడుగు మీద మన నమ్మకం అపారం. ఐర్లండ్ గాలిలో అది మొదటి వారమే తిరగబడి ఊచలు విరుగుతుంది. పెట్టెలో దాని చోటు మరొకదానికి ఇవ్వండి. ఓవర్‌కోటు, మంకీ క్యాపు, రగ్గులు వద్దు. మంకీ క్యాపు ఇచ్చే పిన్నిగారికి కృతజ్ఞత చెప్పి, అల్మరాలో పెట్టి వెళ్లండి. పరుపు మీదికి రజాయి అక్కడే కొనుక్కుంటారు. మొదటి రాత్రికి ఒక దుప్పటి, ఒక దిండు గలీబు ఉంటే సరిపోతుంది. చవక బట్టలకు మనకు టి. నగర్‌లో శరవణా స్టోర్స్ ఎలాగో, ఐర్లండ్‌లో 1969లో డబ్లిన్‌లోనే మొదలైన పెన్నీస్ దుకాణాలు అలాగ. చేతి తొడుగులు, ఉన్ని టోపీ, అదనపు పైజమాలు అక్కడ తీసుకోవచ్చు.

మందపాటి టర్కీ తువ్వాలు కూడా ఈ కోవలోదే, రెండు రోజులైనా ఆరదు. ఇక్కడ మన నూలు తుండుగుడ్డను మించినది లేదు. పలుచన, గట్టిగా పిండవచ్చు, కుర్చీ వీపు మీద వేస్తే పొద్దుటికి ఆరుతుంది. నాలుగు పెట్టుకోండి.

తిండి సామాను, కస్టమ్స్ నిబంధనలు

ఐర్లండ్ ఐరోపా సమాఖ్యలోని దేశం. ఆ సమాఖ్యకు బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు తమ సామానులో తేకూడదు. కాబట్టి నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ గోంగూర పెట్టవద్దు, పట్టుకుంటే తీసి పారేస్తారు. నెయ్యి లేకుండా పప్పన్నమా అని అమ్మమ్మ బాధపడుతుంది. వెన్నకు పేరుపడ్డ దేశం అది, అక్కడ వెన్న కొని కాచుకుంటే ఇంటి నెయ్యే వస్తుంది. పచ్చి కరివేపాకు, మామిడికాయలు వంటి మొక్కల భాగాలకు ధ్రువపత్రం కావాలి, అందుకని కరివేపాకును పొడి రూపంలోనే పంపండి. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి, చింతపండు, సాంబారు పొడి, ఆవకాయ, మాంసం కలవని గోంగూర పచ్చడి ఒక నెలకు సరిపడా చాలు. బియ్యం, పప్పులు అక్కడి భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి, వాటికోసం కిలోలు ఖర్చు చేయవద్దు.

మరి మూడు రకాల వస్తువుల దగ్గర జాగ్రత్త. ఎండుకొబ్బరి చిప్పలు నూనె వల్ల మండే గుణం ఉన్నవి కాబట్టి చెకిన్ సామానులో అనుమతి లేదు. పూజ సామానులో పెట్టే కర్పూరానికీ అగ్గిపెట్టెకూ అదే కారణం. మూడోది గసగసాలు. గల్ఫ్ మీదుగా వెళ్లేవారు చాలామంది, యుఏఈలో గసగసాలు నిషిద్ధం. మసాలా పొడిలో కూడా అవి లేకుండా చూసుకోండి.

పచ్చడి సీసాలు వద్దు. పైన నూనె తేలకుండా కొంత వంపేసి, గట్టి ప్లాస్టిక్ సంచిలో సీలు వేయించి, దాన్ని రెండో జిప్పు సంచిలో, దాన్ని మూత బిగిసే స్టీలు డబ్బాలో పెట్టి, జీన్స్ మధ్యలో ఇరికించండి. ఫ్లీసు పక్కన పెట్టవద్దు, ఆవకాయ నూనె మరక దానికి పడితే వదలదు. కొబ్బరినూనె సంగతి చెన్నైవాళ్లకు తోచదు: సుమారు 24 డిగ్రీలకు కింద అది గడ్డకడుతుంది, అక్కడ ఏడాదిలో ఎక్కువ భాగం గట్టిగానే ఉంటుంది. సన్నమూతి సీసాలో పోస్తే బయటికి రాదు, వెడల్పు మూతి డబ్బాలో పోయండి.

కుక్కరు మూడు లీటర్లది, అడుగు సమంగా ఉండి ఇండక్షన్ పొయ్యి మీద పనిచేసేది తీసుకోండి, అదనంగా ఒక గాస్కెట్టు పెట్టండి.

మిగిలిన చిన్న సామాను

విద్యుత్తు అక్కడా 230 వోల్టులే కాబట్టి ఛార్జర్లు పనిచేస్తాయి, ప్లగ్గు మాత్రం బ్రిటన్‌లోలాగా మూడు చదును కాళ్లది. బర్మా బజారులోనైనా మరోచోటైనా రెండు మంచి అడాప్టర్లు, ఒక పొడిగింపు బోర్డు కొనండి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, 20,000 ఎంఏహెచ్ వరకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. రోజూ వాడే మందులుంటే డాక్టరు చీటీలో మందు అసలు పేరు ఇంగ్లీషులో రాయించి, మూడు నెలలకు సరిపడా పెట్టుకోండి. కళ్లద్దాలు రెండో జత ఇక్కడే చేయించండి.

పెట్టె సర్దడం

చెన్నై గాలిలోని తేమను పెట్టెలోకి ఎక్కించవద్దు. ప్రయాణానికి రెండు రోజుల ముందు బట్టలన్నీ మిద్దె మీద ఎండలో పరిచి, చల్లారాక సర్దండి. కాస్త చెమ్మ ఉన్నా మూసిన పెట్టెలో ఒకటిన్నర రోజు ప్రయాణం తరువాత బూజు వాసన వస్తుంది, అక్కడ దాన్ని పోగొట్టడానికి ఎండ ఉండదు. గాలి పీల్చేసే సంచులు వాడితే ఒక ప్రమాదం ఉంది: చోటు తగ్గుతుంది గాని బరువు తగ్గదు. పెట్టెలో ఖాళీ కనిపించగానే అందరూ ఇంకొన్ని కుక్కుతారు. వేలాడదీసే తూకంతో ప్రతి పెట్టెనూ ఇంట్లోనే తూచి, టికెట్టు మీద రాసిన దానికన్నా ఒక కిలో తక్కువ ఉంచండి. ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే మాత్రం విమానాశ్రయాల్లో సామాన్యంగా తీసుకోరు.

రెండు పెట్టెలుంటే బట్టలన్నీ ఒకదాంట్లో, తిండి అంతా ఒకదాంట్లో పెట్టే అలవాటు మానండి. ఒక పెట్టె ఆలస్యమైనా గడిచేలా రెండింట్లోనూ ఒక ఫ్లీసు, ఒక ప్యాంటు, మేజోళ్లు, తుండు ఉండాలి. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, కాలేజీ ప్రవేశపత్రం, ఫీజు రసీదు, ఆరోగ్య బీమా పత్రం, అసలు సర్టిఫికెట్లు జలనిరోధక ఫోల్డరులో చేతి సంచిలోనే ఉంచండి. దిగిన 90 రోజుల్లోగా నివాస అనుమతి నమోదు చేసుకోవాలి, దానికి 300 యూరోలు కట్టాలి, ఆ కాగితాలు అప్పుడు మళ్లీ కావాలి. ఆ డబ్బును మొదటి నెల ఖర్చులో కలపకుండా విడిగా ఉంచండి.

మీనంబాక్కం విమానాశ్రయంలో ముచ్చెమటలు పోస్తున్నా బరువైన బూట్లు తొడుక్కునే విమానం ఎక్కండి, జాకెట్టును చేతి సంచి పైభాగంలో పెట్టండి. గదికి చేరాక మొదట బట్టలారేసే మడత స్టాండు ఒకటి కొనుక్కోండి. దాన్ని కిటికీ దగ్గర పెట్టి, బట్టలారేసినప్పుడల్లా కిటికీని రెండు వేళ్ల సందు తెరిచి ఉంచండి, లేకపోతే ఆ తడంతా గోడ మీద నల్లటి బూజుగా తేలుతుంది.